గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం: ధర్మాలు, గ్రేడులు, ఉపయోగాలు

కార్బాక్సిలిక్ ఆమ్లాల తయారీ, వాటి సాధారణ చర్యలు ఇంతకుముందు పాఠంలో చదివారు. ఈ పాఠంలో వాటిలో ఒక్క ఆమ్లాన్నే తీసుకుందాం. అది సమీకరణంలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. సీసాలో ఎలా ఉంటుందో, ఆ సీసాను ఎలా చదవాలో ఇప్పుడు చూద్దాం.

వంటగదిలో వెనిగర్ సీసా ఉంటుంది. తెలంగాణలో చాలా ఇళ్లలో దాన్ని సిర్కా అంటారు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఉల్లి వేరు కొనలకు రంగు వేసే ఎసిటోకార్మిన్ సీసా ఉంటుంది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఫ్యూమ్‌హుడ్ కింద రెండున్నర లీటర్ల పెద్ద సీసా ఉంటుంది. ఈ మూడింటిలోనూ ఉన్న ఆమ్లం ఒకటే, ఎసిటిక్ ఆమ్లం. మొదటిదాన్ని కూరగాయ ముక్కల మీద చల్లుకుని తింటాం. రెండోది వేలికి అంటితే చురుక్కుమంటుంది. మూడోది చర్మం మీద పడి కొంతసేపు ఉంటే బొబ్బలు లేస్తాయి. కనుక సీసా మీద 'ఎసిటిక్ ఆమ్లం' అన్న పేరు ఒక్కటే చదివితే ఏమీ తెలియనట్టే. రెండు ప్రశ్నలు అడగాలి. ఇందులో ఆమ్లం ఎంత శాతం? ఆమ్లం కాకుండా మిగిలినది ఏమిటి? మొదటి ప్రశ్నకు జవాబు గాఢత. రెండో ప్రశ్నకు జవాబు గ్రేడు. విద్యార్థులు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. ప్రయోగశాలల్లో, ఒక్కోసారి ఆస్పత్రుల్లో కూడా జరిగే పొరపాట్లకు మూలం అక్కడే ఉంది.

పేరులోని మంచు

తాటికల్లును పొద్దున దింపి సాయంత్రం దాకా ఉంచితే పులుస్తుంది. ఇంకా ఉంచితే తాగలేనంత పుల్లనవుతుంది. మొదట ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ తరవాత ఎసిటోబాక్టర్ జాతి బాక్టీరియా గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. వెనిగర్‌కు లాటిన్ పేరు ఎసిటం. ఆమ్లం పేరు దాని నుంచే వచ్చింది. అయితే కిణ్వనం ద్వారా వచ్చేది ఎప్పుడూ విలీన ద్రావణమే. ఆమ్లం ఒక స్థాయి దాటాక దాన్ని తయారుచేసే బాక్టీరియానే బతకలేవు.

నీరు దాదాపు లేని ఆమ్లం చూడాలంటే 18వ శతాబ్దం చివరికి రావాలి. 1789లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ ఈ ఆమ్లాన్ని స్ఫటికాల రూపంలో పొందాడు. శుద్ధ ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. ఆ గడ్డ చూడటానికి మంచులాగే ఉంటుంది. అందుకే 'గ్లేషియల్', అంటే మంచులాంటిది, అన్న విశేషణం చేరింది. ఇది వేరే పదార్థం కాదు. సాధారణంగా 99 శాతానికి పైగా ఆమ్లం ఉన్న సీసాలకు ఈ పేరు వాడతారు.

విశాఖలోనో విజయవాడలోనో చదువుకునే విద్యార్థికి ఈ ఆమ్లం గడ్డకట్టడం ఎప్పటికీ కనిపించకపోవచ్చు. ఆదిలాబాద్‌లోనో, పాడేరు ఏజెన్సీలోనో డిసెంబరు ఉదయం అలమర తీస్తే సీసా అంతా తెల్లటి గడ్డగా కనిపించవచ్చు. ఆమ్లం పాడైపోయిందని అనుకోకండి. నిజానికి అది దాని శుద్ధతకు గుర్తు. ఒక్కోసారి 16 డిగ్రీల కంటే కిందికి దిగినా ద్రవంగానే ఉండి, సీసాను కదిపిన మరుక్షణం గడ్డకడుతుంది. దీన్ని అతిశీతలీకరణం అంటారు. గడ్డను కరిగించడానికి మూత కొంచెం వదులు చేసి, సీసాను గోరువెచ్చని నీళ్ల తొట్టెలో నిలబెట్టండి. నీటి వేడి 30 డిగ్రీలు ఉంటే చాలు. బున్సెన్ బర్నర్ గాని, హాట్‌ప్లేట్ గాని దగ్గరికి తేవద్దు. ఈ ఆమ్లం జ్వలన స్థానం సుమారు 39 డిగ్రీలు, అంటే ఆ వేడి దగ్గరే దాని ఆవిరి నిప్పు అందుకోగలదు. మే నెలలో మన ప్రయోగశాలల గది ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో గుర్తుచేసుకుంటే ఈ అంకె ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. ఆమ్లం అనగానే కాలుస్తుందనే అనుకుంటాం. ఇది అంటుకుంటుంది కూడా.

గాఢతను ఎలా తెలుసుకోవాలి

పాల కేంద్రంలో లాక్టోమీటర్ ముంచి పాలలో నీళ్లు కలిపారో లేదో చెబుతారు. ఇక్కడా హైడ్రోమీటర్ ముంచి శాతం చెప్పవచ్చు కదా అనిపిస్తుంది. చెప్పలేం. కారణం తెలుసుకోదగింది.

20 డిగ్రీల వద్ద శుద్ధ ఎసిటిక్ ఆమ్లం సాంద్రత మిల్లీలీటరుకు 1.05 గ్రాములు. నీటి సాంద్రత సుమారు 1. ఈ రెంటినీ కలిపితే సాంద్రత ఈ రెండు అంకెల మధ్య ఉండాలని ఊహిస్తాం. కాని ఆమ్లంలో నీళ్లు చేర్చుతూ పోతే సాంద్రత తగ్గదు, మొదట పెరుగుతుంది. ఆమ్లం 78 శాతం ఉన్నచోట 1.07 దాకా వెళ్లి, ఆ తరవాత తగ్గడం మొదలుపెడుతుంది. నీటి అణువులు, ఆమ్ల అణువులు హైడ్రోజన్ బంధాలతో దగ్గరగా సర్దుకోవడం వల్ల మొత్తం ఘనపరిమాణం కుంచించుకుపోతుంది. ఫలితం చూడండి. హైడ్రోమీటర్ 1.06 చూపిస్తే ఆ ద్రావణంలో ఆమ్లం 95 శాతం ఉండవచ్చు, సుమారు 54 శాతమూ ఉండవచ్చు. సాంద్రత ఒక్కటే తెలిస్తే ఈ రెంటిలో ఏదో తేల్చలేం.

ఘనీభవన స్థానం మాత్రం మోసం చేయదు. ద్రావితం చేరినకొద్దీ ద్రావణి ఘనీభవన స్థానం తగ్గుతుందని భౌతిక రసాయనశాస్త్రంలో చదివారు. ఎసిటిక్ ఆమ్లానికి మోలాల్ ఘనీభవన నిమ్నతా స్థిరాంకం 3.90. ఇప్పుడు ఒక శాతం నీరున్న ఆమ్లాన్ని తీసుకుందాం. 99 గ్రాముల ఆమ్లంలో 1 గ్రాము నీరు ఉంది. ఒక గ్రాము నీరంటే 0.0555 మోల్. కిలో ఆమ్లానికి లెక్కిస్తే 0.56 మోల్. దీన్ని 3.90తో గుణిస్తే 2.2 వస్తుంది. అంటే ఒక్క శాతం నీటికి ఘనీభవన స్థానం సుమారు రెండు డిగ్రీలు పడిపోవాలి. ప్రయోగంలో వచ్చే తగ్గుదల ఇంతకంటే కొద్దిగా తక్కువ, 1.8 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒక మంచి థర్మామీటర్, ఒక పరీక్షనాళిక, కొంచెం ఐసు ఉంటే చాలు. 99 శాతానికి, 98 శాతానికి తేడా పట్టుకోవచ్చు. ఇంత చవకైన పరీక్ష ఇంత కచ్చితంగా ఉండటం రసాయనశాస్త్రంలో అరుదు.

గాఢత ఎక్కువైనా తక్కువైనా పనికొచ్చే పద్ధతి టైట్రేషన్. మూత ఉన్న ఫ్లాస్కులో సుమారు 2 గ్రాముల ఆమ్లాన్ని కచ్చితంగా తూచి, నీటితో విలీనం చేసి, ఫినాఫ్తలీన్ సూచికగా 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తారు. ఒక మిల్లీలీటరు క్షారం 60.05 మిల్లీగ్రాముల ఆమ్లానికి సమానం. ఆమ్లం శుద్ధమైతే 33 మిల్లీలీటర్లకు కొంచెం పైన అంత్యస్థానం వస్తుంది. ఇక్కడ మిథైల్ ఆరెంజ్ ఎందుకు వాడరో మీరే చెప్పండి. సోడియం ఎసిటేట్ ద్రావణం క్షారధర్మం గలది కనుక, సూచిక రంగు మారే చోటు కూడా క్షారం వైపే ఉండాలి.

బలహీనం వేరు, విలీనం వేరు

ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం. ఈ వాక్యం ఇంటర్మీడియట్ నుంచి వింటున్నారు. వినీ వినీ చాలామంది మనసులో దానికి 'ప్రమాదం లేనిది' అన్న అర్థం స్థిరపడిపోయింది. ఈ పాఠంలో ఒక్క పేరానే మళ్లీ చదువుతానంటే దీన్నే చదవమంటాను. 'బలం' అన్నది నీటిలో ఆమ్లం ఎంత భాగం అయనీకరణం చెందుతుందో చెప్పే మాట. 'గాఢత' అన్నది లీటరులో ఎంత ఆమ్లం ఉందో చెప్పే మాట. ఒకదాని నుంచి ఇంకొకటి రాదు.

అంకెల్లో చూద్దాం. దీని వియోజన స్థిరాంకం 25 డిగ్రీల వద్ద సుమారు 1.8 × 10⁻⁵. ఒక మోలార్ ద్రావణంలో అయనీకరణం చెందేది 0.42 శాతం మాత్రమే. ప్రతి వెయ్యి అణువుల్లో నాలుగు. దాని పీహెచ్ సుమారు 2.4. అదే మోలారిటీ గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ సున్నా దగ్గర ఉంటుంది. అయినా ఈ రెండు ద్రావణాలనూ 10 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని క్షారంతో టైట్రేట్ చేస్తే బ్యూరెట్‌లో దిగే క్షారం సమానమే. అయనీకరణం చెందని అణువులు ఎక్కడికీ పోలేదు. క్షారం అడిగినప్పుడల్లా ఒక్కొక్కటిగా ప్రోటాన్‌ను ఇస్తూ వస్తాయి. ఇంకో అంకె చూడండి. గ్లేషియల్ ఆమ్లం లీటరులో 17.4 మోల్స్ ఉంటాయి. మార్కెట్‌లో దొరికే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం లీటరులో సుమారు 12 మోల్సే. ఒక లీటరు ఒలికిపోతే తటస్థీకరించడానికి ఏ ఆమ్లానికి ఎక్కువ సోడా కావాలి? 'బలహీన' ఆమ్లానికే.

శుద్ధ ఆమ్లంలో ఇంకో వింత ఉంది. నీరు లేదు కనుక ప్రోటాన్‌ను అందుకునేవారు దాదాపు లేరు. అందుకే గ్లేషియల్ ఆమ్లం విద్యుత్తును చాలా తక్కువగా ప్రవహింపజేస్తుంది. అందులో మెగ్నీషియం రిబ్బన్ ముక్క వేస్తే చర్య మందకొడిగా ఉంటుంది. కొంచెం నీరు చేర్చితే బుడగలు జోరుగా వస్తాయి. నీళ్లు కలిపితే ఆమ్లం 'తగ్గుతుంది' అనుకునే విద్యార్థికి ఈ ప్రయోగం చూపించాలి. మీ సంప్రదింపు తరగతుల్లో దీన్ని చేయించమని అడగండి. ఐదు నిమిషాల పని.

మరి అయాన్లు ఇంత తక్కువగా ఉన్న ద్రవం చర్మాన్ని ఎలా కాలుస్తుంది? విద్యుదావేశం లేని చిన్న అణువు కనుక అది చర్మంలోని కొవ్వు పొరల గుండా తేలిగ్గా లోపలికి చొచ్చుకుపోతుంది. లోపల తడి తగిలాక తన పని మొదలుపెడుతుంది. బొబ్బలు కొన్నిసార్లు వెంటనే రావు, అరగంటో కొన్ని గంటలో అయ్యాక వస్తాయి. 'పడింది, మంట పెద్దగా లేదు, తుడిచేసుకున్నాను' అనే విద్యార్థి సాయంత్రానికి ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చేది ఇందుకే.

జంట అణువులు

ఈ ఆమ్లం అణుభారం 60. దాని ఆవిరి సాంద్రతను మరుగు స్థానానికి, అంటే 118 డిగ్రీలకు, దగ్గరలో కొలిచి అణుభారం లెక్కిస్తే 60 కంటే చాలా ఎక్కువ వస్తుంది. రెండు అణువులు ఒకదాని కార్బొనైల్ ఆక్సిజన్‌ను ఇంకొకదాని హైడ్రాక్సిల్ హైడ్రోజన్‌తో కలుపుకుని, రెండు హైడ్రోజన్ బంధాలతో వలయంగా ఏర్పడతాయి. దీన్ని డైమర్ అంటారు. బెంజీన్‌లో కరిగించినా ఇదే జరుగుతుంది. పరీక్షల్లో తరచు అడిగే 'అసాధారణ అణుభారం' ప్రశ్నకు ఇదే ఉదాహరణ. ట్రౌటన్ నియమాన్ని కూడా ఇది పాటించదు. చాలా ద్రవాలకు మోలార్ బాష్పీభవన ఉష్ణాన్ని మరుగు స్థానంతో భాగిస్తే 88 జౌళ్ల దగ్గర వస్తుంది. దీనికి 61 దగ్గరే వస్తుంది. ద్రవం మరిగినా జంటలు పూర్తిగా విడిపోవు, కనుక ఆ బంధాలను తెంచే శక్తి ఖర్చు కాలేదు.

తయారీ నుంచి గ్రేడు దాకా

1845లో కోల్బే కార్బన్ డైసల్ఫైడ్ నుంచి మొదలుపెట్టి పలు దశల్లో ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. సేంద్రియ పదార్థాలకు జీవశక్తి అవసరం లేదని చెప్పడంలో వోలర్ యూరియా తరవాత దీనిదే పెద్ద పాత్ర. ఈ రోజు ప్రపంచంలో ఎక్కువ భాగం మిథనాల్‌ను కార్బన్ మోనాక్సైడ్‌తో చర్య జరిపి తయారుచేస్తున్నారు. రోడియం ఉత్ప్రేరకంతో మోన్‌శాంటో పద్ధతి, ఇరిడియం ఉత్ప్రేరకంతో కటీవా పద్ధతి ప్రసిద్ధమైనవి. గుజరాత్‌లోని భరూచ్‌లో ఉన్న కర్మాగారం మిథనాల్ మార్గంలో తయారుచేస్తుంది. మన దేశంలో ఇంకో మార్గమూ చాలాకాలంగా ఉంది. చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ నుంచి ఆల్కహాల్, ఆల్కహాల్ నుంచి ఎసిటాల్డిహైడ్, దాన్ని ఆక్సీకరణం చేసి ఎసిటిక్ ఆమ్లం.

ఏ మార్గంలో వచ్చినా చివరికి ఒకే ఆమ్లం. కాని ఒక్కో మార్గం తన గుర్తును కొద్దిగా వదిలి వెళుతుంది. ఎసిటాల్డిహైడ్, ఫార్మిక్ ఆమ్లం, అయొడైడ్, పైపుల నుంచి డ్రమ్ముల నుంచి వచ్చే లోహాలు అలాంటివి. గ్రేడు అన్నది వీటి గురించే.

పారిశ్రామిక గ్రేడు డ్రమ్ము మీద 99.8 శాతం అని ఉంటుంది. ప్రయోగశాలలోని ఏఆర్ గ్రేడు సీసా మీద కూడా దాదాపు అదే అంకె ఉంటుంది. ధర మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. విద్యార్థి 'అంకె ఒకటే కదా సార్, ఎందుకంత ధర' అని అడుగుతాడు. మంచి ప్రశ్న. మిగిలిన 0.2 శాతాన్ని మిలియన్‌లో భాగాలుగా రాస్తే 2000. ఆ రెండు వేల భాగాలు మొత్తం నీరే అయితే చాలా పనులకు నష్టం లేదు. అందులో పది భాగాలు సీసమైతే అది ఆహారంలోకి పనికిరాదు. అందులో కొంత ఆల్డిహైడ్ అయితే పర్మాంగనేట్ టైట్రేషన్‌కు పనికిరాదు. పారిశ్రామిక గ్రేడులో ఆ మిగిలినది ఏమిటో వివరంగా హామీ ఇవ్వరు. ఏఆర్ గ్రేడు సీసా లేబుల్ మీద క్లోరైడ్, సల్ఫేట్, ఇనుము, భార లోహాలు, ఆక్సీకరణం చెందే పదార్థాలు ఒక్కొక్కటి గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో అచ్చువేసి ఉంటుంది. మీరు చెల్లించే అదనపు డబ్బు ఆ పట్టికకే. ఈసారి ప్రయోగశాలకు వెళ్లినప్పుడు ఆ పట్టికను రికార్డులో రాసుకోండి.

ఎల్‌ఆర్ గ్రేడు గుణాత్మక పరీక్షలకు, డిగ్రీ స్థాయి సంశ్లేషణలకు సరిపోతుంది. ఎస్టర్ తయారుచేసి వాసన చూడటానికి ఏఆర్ సీసా తెరవడం దుబారా అని నా అభిప్రాయం. హెచ్‌పీఎల్‌సీ గ్రేడులో అతినీలలోహిత కాంతిని శోషించే మలినాలు ఉండకూడదు, సన్నని ఫిల్టర్ గుండా వడపోసి ఉండాలి. ఔషధాలలోకి వెళ్లే ఆమ్లం ఇండియన్ ఫార్మకోపియా పరీక్షలు నెగ్గాలి. ఆహార గ్రేడుకు అంతర్జాతీయ సంఖ్య ఐఎన్ఎస్ 260.

ఆహారం గురించి ఒక్కమాట. బజారులో రెండు రకాల వెనిగర్ దొరుకుతుంది. ఒకటి కిణ్వనం చేసింది. ఇంకొకటి ఎసిటిక్ ఆమ్లాన్ని నీటితో విలీనం చేసింది. రెండో దాని మీద అది కృత్రిమమైనదని, ఎసిటిక్ ఆమ్లం నుంచి తయారైందని స్పష్టంగా రాయాలని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి. రెండింటిలోనూ ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలి. కృత్రిమ వెనిగర్ విషమేమీ కాదు. ఆహార గ్రేడు ఆమ్లంతో చేసినంతవరకు అది చట్టబద్ధమైన ఆహారమే. ప్రమాదమంతా అద్దకం షెడ్డుకు వచ్చే డ్రమ్ములోంచి నాలుగు సీసాలు తెచ్చి నీళ్లు కలిపే చోట ఉంది. ఆ నీళ్లు గాఢతను సరిచేస్తాయి. గ్రేడును సరిచేయవు.

విలీనం చేయడం

లెక్కకు మీకు కావలసిన అంకె ఒక్కటే, 17.4 మోలార్. 250 మిల్లీలీటర్ల 2 మోలార్ ద్రావణం కావాలంటే 0.5 మోల్ ఆమ్లం కావాలి. 0.5ను 17.4తో భాగిస్తే 0.0287 లీటరు. 28.7 మిల్లీలీటర్ల ఆమ్లాన్ని సగం నీళ్లున్న ఫ్లాస్కులో కలుపుతూ పోసి, గుర్తు దాకా నీటితో నింపాలి. ఆమ్లాన్నే నీటిలో పోసే అలవాటు సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఎంత ముఖ్యమో ఇక్కడ అంత ముఖ్యం కాదు. అయినా చేతికి ఒకే అలవాటు ఉండటం మంచిది.

ప్రయత్నించండి: 0.1 మోలార్ ద్రావణం ఒక లీటరు తయారుచేయడానికి గ్లేషియల్ ఆమ్లం ఎన్ని మిల్లీలీటర్లు కావాలి? (జవాబు: సుమారు 5.75.)

శాతాల దగ్గర జాగ్రత్త కావాలి. 5 మిల్లీలీటర్ల ఆమ్లానికి నీరు చేర్చి 100 మిల్లీలీటర్లు చేస్తే ఘనపరిమాణం ప్రకారం 5 శాతం. బరువు ప్రకారం చూస్తే 100 మిల్లీలీటర్లలో 5.25 గ్రాములు. చాలా పనుల్లో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. ఎసిటోకార్మిన్‌కు 45 మిల్లీలీటర్ల ఆమ్లం, 55 మిల్లీలీటర్ల నీరు కలిపి అందులో కార్మిన్‌ను మెల్లగా మరిగించి చల్లార్చి వడపోస్తారు. కార్నాయ్ ద్రావణంలో మూడు భాగాల ఇథనాల్‌కు ఒక భాగం గ్లేషియల్ ఆమ్లం. కణం విభజన దశలో ఉండగానే దాన్ని అక్కడే నిలబెట్టేయడం దీని పని.

ఇదే లెక్క ప్రాణానికి సంబంధించిందయ్యే చోటు ఒకటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడానికి 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని అక్కడ అద్ది, ఒక నిమిషం ఆగి, కంటితో చూస్తారు. మార్పు చెందిన కణాలున్న చోట తెల్లగా కనిపిస్తుంది. ఖరీదైన యంత్రం లేకుండా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేయగలిగే పరీక్ష ఇది. మన జాతీయ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు దీన్నే సూచించారు. ముంబై మురికివాడల్లో 1998లో మొదలుపెట్టి టాటా మెమోరియల్ ఆస్పత్రి నడిపిన అధ్యయనంలో సుమారు 1,50,000 మంది మహిళలు ఉన్నారు. పరీక్ష జరిగిన వర్గంలో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. వెనిగర్‌లో ఉండేంత ఆమ్లం చేసిన పని అది.

ఆ ద్రావణాన్ని ఎలా చేస్తారు? 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఆమ్లానికి 95 మిల్లీలీటర్ల శుద్ధ జలం. ఇప్పుడు లేబుల్ చదవని చేతిని ఊహించండి. అలమరలో ఉన్నది 33 శాతం ఆమ్లం, దాన్ని గ్లేషియల్ అనుకుని 5 మిల్లీలీటర్లు తీసుకుంటే వచ్చేది 1.65 శాతం ద్రావణం. తెల్లబడాల్సినది తెల్లబడకపోవచ్చు. జబ్బున్న మనిషిని 'ఏమీ లేదమ్మా' అని పంపించేస్తాం. దీనికి తలకిందుగా, గ్లేషియల్ సీసాను అప్పటికే విలీనం చేసినదనుకుని నేరుగా వాడితే లోపలి సున్నితమైన పొర కాలిపోతుంది. ఇది ఊహ కాదు. అమెరికాలో మందుల వాడకంలో భద్రతను చూసే సంస్థ ఇలాంటి గాయాల గురించి హెచ్చరిస్తూ, రోగుల దగ్గర గ్లేషియల్ ఆమ్లం సీసా ఉంచనే వద్దని ఆస్పత్రులకు సూచించింది. విలీనం చేసిన ప్రతి సీసా మీద పేరు, శాతం, తేదీ, చేసినవారి సంతకం ఉండాలని మేము పట్టుబట్టేది మార్కుల కోసం కాదు.

ద్రావణిగా ఎసిటిక్ ఆమ్లం

హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమల నాణ్యతా విభాగాల్లో ఉద్యోగం చేయదలచుకున్నవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. చాలా మందులు బలహీన క్షారాలు. నీటిలో వాటిని ఆమ్లంతో టైట్రేట్ చేస్తే అంత్యస్థానం స్పష్టంగా రాదు, ఎందుకంటే నీరు కూడా ప్రోటాన్ కోసం పోటీపడుతుంది. నీటికి బదులు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం వాడితే ఆ పోటీ తగ్గుతుంది. అందులో కరిగించిన పెర్‌క్లోరిక్ ఆమ్లం చాలా బలమైన ప్రోటాన్ దాతగా పనిచేస్తుంది. ఇలాంటి ద్రావణాల తీవ్ర ఆమ్లత్వాన్ని 1927లో కోనంట్, హాల్ వివరించారు. నీటిలో పెర్‌క్లోరిక్, హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలన్నీ సమాన బలం గలవిగా కనిపిస్తాయి. ఎసిటిక్ ఆమ్లంలో వాటి అసలు తేడాలు బయటపడతాయి.

ప్రామాణీకరణకు వాడేది పొటాషియం హైడ్రోజన్ థాలేట్. నీటిలో దాన్ని ఆమ్లంగా వాడారు కదా, ఇక్కడ అదే క్షారంగా పనిచేస్తుంది. సూచిక క్రిస్టల్ వయొలెట్, ఊదా నుంచి నీలం మీదుగా నీలి ఆకుపచ్చకు మారుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఎసిటిక్ ఆమ్లం వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది, డిగ్రీకి 0.0011 వంతు. ఉదయం 25 డిగ్రీల దగ్గర 0.1000 నార్మాలిటీగా ప్రామాణీకరించిన ద్రావణం, మధ్యాహ్నం ఏసీ ఆగి గది 35 డిగ్రీలకు చేరితే సుమారు 0.0989 అవుతుంది. ఒక శాతం పైన దోషం. మందు మాత్రం బాగానే ఉంటుంది, ఫలితం తప్పుతుంది. అందుకే ఈ టైట్రేషన్ రికార్డులో ఉష్ణోగ్రత రాయకపోతే ఆ రీడింగుకు విలువ లేదు.

ఈ ద్రావణం తయారీలో మిగిలిన నీటిని తొలగించడానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ చేరుస్తారు. దాన్ని గాఢ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో నేరుగా పోయకూడదు. ముందు పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని ఎసిటిక్ ఆమ్లంలో బాగా కలిపి, తరవాత చల్లగా ఉంచుతూ ఎన్‌హైడ్రైడ్‌ను కొంచెం కొంచెంగా చేర్చాలి. 1947లో లాస్ ఏంజెలెస్‌లో లోహాలకు మెరుగుపెట్టే ఒక కర్మాగారంలో ఈ రెంటి మిశ్రమం పేలి 17 మంది చనిపోయారు.

పరిశ్రమల్లో

ఎసిటిక్ ఆమ్లంలో అతిపెద్ద వాటా వినైల్ ఎసిటేట్ తయారీకి పోతుంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు, గోడలకు వేసే ఎమల్షన్ రంగులు దాని పాలిమర్లే. పాలియెస్టర్ దుస్తులకు మూలమైన టెరిఫ్తాలిక్ ఆమ్లాన్ని తయారుచేసేటప్పుడు చర్య జరిగేది ఎసిటిక్ ఆమ్లం అనే ద్రావణిలోనే. ఇథైల్ ఎసిటేట్ ద్రావణిగా రంగుల్లో, మందుల తయారీలో వాడతారు. పట్టుకు ఆమ్ల వర్ణకాలు అద్దేటప్పుడు తొట్టె పీహెచ్ తగ్గించడానికి కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం పోస్తారు. ఎక్కువైనా ఆవిరైపోతుంది, పట్టును ఖనిజామ్లాల్లా దెబ్బతీయదు. బలహీన ఆమ్లం కావడమే ఇక్కడ దాని గొప్ప.

ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఆస్పిరిన్, పారాసిటమాల్, సెల్యులోజ్ ఎసిటేట్ తయారవుతాయి. హెరాయిన్ తయారీకి కూడా అదే కావాలి కనుక మన దేశంలో అది మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రిత పదార్థం. పాత సినిమా ఫిల్ము సెల్యులోజ్ ఎసిటేట్‌దే. వేడి, తేమ ఉన్న గదిలో ఆ డబ్బాలు ఏళ్లతరబడి ఉంటే ఫిల్ములోంచి ఎసిటిక్ ఆమ్లం విడుదలై, ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా వేగం చేస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. ఫిల్మ్ భాండాగారాల వాళ్లు దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. అద్దాల అంచులకు పూసే కొన్ని సిలికాన్ పేస్టులు ఆరేటప్పుడు వచ్చే వాసన కూడా ఈ ఆమ్లానిదే.

నిల్వ, ప్రమాదాలు

రవాణాలో 80 శాతానికి మించిన ఆమ్లానికి యూఎన్ 2789 అన్న సంఖ్య ఉంటుంది. క్షయకారకమనీ, మండేదనీ రెండు గుర్తులూ లారీ మీద కనిపించాలి. 10 నుంచి 80 శాతం వరకు ఉన్నదానికి యూఎన్ 2790. గాజు, హెచ్‌డీపీఈ డబ్బాలు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు దీనికి సరిపోతాయి. మామూలు ఇనుము, ఇత్తడి సరిపోవు. అలమరలో నైట్రిక్, క్రోమిక్ ఆమ్లాలు, పర్మాంగనేట్, పెరాక్సైడ్‌ల పక్కన దీన్ని పెట్టకండి. ఆమ్లాలన్నీ ఒకే అరలో అనే సర్దుడు చాలా కళాశాలల్లో చూస్తాం. అది తప్పు. ఇది మండే ద్రవాల అరలోకి వెళ్లాలి.

గాలిలో దీని ఆవిరి ఎనిమిది గంటల పనికి సగటున మిలియన్‌కు 10 భాగాలు మించరాదు. ముక్కు అంతకంటే చాలా ముందే పసిగడుతుంది. కాని రోజూ పనిచేసేవారి ముక్కు అలవాటుపడిపోతుంది, కనుక దాన్ని నమ్ముకోకండి. చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసేసి, నొప్పి ఉన్నా లేకపోయినా 15 నుంచి 20 నిమిషాలు పారే నీటి కింద ఉంచాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి అంతసేపూ కడుగుతూనే వైద్యుడికి కబురు పంపాలి. తినే సోడా నేల మీద ఒలికిన ఆమ్లానికే, ఒంటికి కాదు. మింగినవారికి వాంతి చేయించకూడదు, ఎందుకంటే గొంతు రెండోసారి కాలుతుంది. నేల మీద ఒలికినప్పుడు మొదట దగ్గరలోని మంటలు ఆర్పి, కిటికీలు తెరిచి, ఆ తరవాతే సోడా చల్లండి. నురగ రావడం ఆగాక నీళ్లతో కడిగేయవచ్చు.